పాత ల్యాప్‌టాప్‌కు ఏ లినక్స్? ఆ కోటి రూపాయల కథను నమ్మాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బీఎస్సీ కంప్యూటర్స్ అయిపోయింది. పత్తికొండలో నాన్నకు జెరాక్స్ షాపు. ఇంట్లో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న పదేళ్ల నాటి ల్యాప్‌టాప్, అందులో విండోస్ 10. ఒక కుర్రాడు వీడియోలో "నాదీ పల్లెటూరే, లినక్స్ నేర్చుకున్నా, రెండేళ్లలో కోటి సంపాదించా" అన్నాడు. అతని కోర్సు ఫీజు 48 వేలు. అమ్మ గొలుసు కుదువ పెట్టి కడదామని నాన్న అంటున్నారు. ఏ లినక్స్ వేసుకోవాలి, ఆ కోర్సులో చేరాలా వద్దా అని అడిగావు.

లినక్స్ అంటే విండోస్‌కు బదులు కంప్యూటర్‌ను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో రకాలు చాలా ఉన్నాయి. అది వారం ఆలస్యమైతే నష్టం లేదు. గొలుసు ఒకసారి ఇల్లు దాటితే వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది. అందుకే ముందు దాని సంగతి చెప్తాను. ఆ ఫీజు కట్టవద్దు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ కోర్సు పోతే రేపు ఇంకో కోర్సు వస్తుంది, అప్పుడు నేను పక్కన ఉండను.

నేను కర్నూలులో 2003 నుంచి ఇదే పని మీద బతుకుతున్నాను. మొదట పాతబస్తీలో నెట్ సెంటర్ నడిపాను. తర్వాత కాలేజీలకు, ఆస్పత్రులకు, చిన్న కంపెనీలకు సర్వర్లు, అంటే అందరి డేటా ఉంచే కంప్యూటర్లు, పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాను. నా పిల్లల ఫీజులు లినక్స్ మీదే కట్టాను. కాబట్టి ఈ విద్యకు విలువ లేదని నా నోటితో అనలేను. నాకు అనుమానమంతా ఆ కోటి మీదే.

మీది పత్తికొండ కాబట్టి జొన్నగిరి గురించి నీకు కొత్తగా చెప్పాల్సింది లేదు. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో జనం వజ్రాల కోసం దిగుతారు. అటు వజ్రకరూరులోనూ అంతే. వేరే జిల్లాల నుంచి కూడా సద్ది మూట కట్టుకొని వస్తారు. ఎవరో ఒక కూలీ మనిషికి రాయి తగులుతుంది. వ్యాపారి ఇన్ని లక్షలు ఇచ్చాడని మరుసటి రోజు పేపర్లో పడుతుంది. ఆ వార్త అబద్ధమని నేను అనను. రాయి నిజం, డబ్బూ నిజం. కానీ అదే చేనులో పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుము వంచి వెతికి ఉత్తచేతులతో బస్సెక్కినవాళ్ల పేర్లు ఏ పేపర్లోనూ రావు. వాళ్లు ఎంతమందో మీ ఊరి బస్టాండులో నిలబడితే నీకే తెలుస్తుంది. నేను చూసినంతలో ఆ సీజన్లో ఏ రోజూ నష్టపోనివాళ్లు వెతికేవాళ్లకు టీ, అన్నం అమ్మేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు.

ఇప్పుడు ఆ వీడియో కుర్రాడి దగ్గరికి రా. అతను అబద్ధం చెప్తున్నాడని నేను రుజువు చేయలేను, చేయాల్సిన అవసరమూ లేదు. ఒక్క లెక్క వేసి చూడు. 48 వేల ఫీజుతో 209 మంది చేరితే కోటి దాటుతుంది. అంటే అతను నిజంగానే కోటి సంపాదించి ఉండొచ్చు, ఒక్క సర్వర్ కూడా ముట్టుకోకుండా. అప్పుడు ఆ కోటి నీలాంటి 209 ఇళ్ల నుంచి వచ్చిన డబ్బు. అతన్ని అడగాల్సిన ప్రశ్న ఇదే: అన్నా, నీకు లినక్స్ పని ఇచ్చి డబ్బు కట్టింది ఎవరు, ఏ పనికి కట్టారు, కోర్సు అమ్మకాలు తీసేస్తే ఎంత మిగిలింది? వీడియో కింద కామెంట్‌లో అడుగు. సూటిగా జవాబు వస్తే నాకు చూపించు, నా మాట మార్చుకుంటాను.

ఓపెన్ సోర్స్‌లో, అంటే లినక్స్‌లా కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్‌లో, పెద్ద డబ్బు చూసినవాళ్లు లేకపోలేదు. వాళ్ల కథలు సగం దగ్గర ఆపేసి చెప్తారు, అదే ఇబ్బంది. 1999 డిసెంబర్ 9న అమెరికాలో వీఏ లినక్స్ అనే కంపెనీ షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. లినక్స్ వేసిన సర్వర్లు తయారుచేసి అమ్మే కంపెనీ అది. 30 డాలర్లకు ఇచ్చిన షేరు ఆ సాయంత్రానికి 239 డాలర్ల పైన ముగిసింది. ఒక్క రోజులో దాదాపు 700 శాతం పెరిగింది. ఆ కంపెనీ బోర్డులో ఉన్న ఎరిక్ రేమండ్ అనే ప్రోగ్రామర్ దగ్గర లక్షన్నర షేర్లు ఉన్నాయి. ఆ సాయంత్రం ధరకు లెక్కేస్తే మూడున్నర కోట్ల డాలర్ల పైమాటే. కానీ ఆరు నెలల దాకా అమ్మకూడదని షరతు. ఏడాది తిరిగేసరికి షేరు పది డాలర్ల కిందికి వచ్చేసింది. 2001లో ఆ కంపెనీ సర్వర్ల తయారీనే మానేసింది. మొదటి రోజు కథ మాత్రమే వినే మనిషికి లినక్స్ అంటే బంగారు గని అనిపిస్తుంది. ఏడాది కథ వింటే ఇంకోలా ఉంటుంది.

ఉబుంటు అనే లినక్స్ రకం సంగతి చూడు. దాన్ని మొదలుపెట్టిన మార్క్ షటిల్‌వర్త్ కోటీశ్వరుడే, 2002లో సొంత డబ్బు కట్టి అంతరిక్షానికి కూడా వెళ్లొచ్చాడు. కానీ ఆ డబ్బు ఉబుంటు తెచ్చింది కాదు. ఆయన దక్షిణాఫ్రికాలో థాట్ అనే కంపెనీ పెట్టి, వెబ్‌సైట్లకు భద్రతా సర్టిఫికెట్లు అమ్మి, దాన్ని 1999లో వెరిసైన్‌కు 57.5 కోట్ల డాలర్లకు ఇచ్చేశాడు. ఉబుంటు మొదటి విడుదల 2004 అక్టోబర్‌లో వచ్చింది. ఆ రోజుల్లో అడిగినవాళ్లకు ఉబుంటు సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవాళ్లు. 2006లో నాకూ ఒక కవరు వచ్చింది. పోస్టుమ్యాన్ సంతకం పెట్టించుకొని ఇచ్చినప్పుడు, ఎక్కడో ఉన్న మనిషి కర్నూలు పాతబస్తీకి రూపాయి తీసుకోకుండా ఇది ఎందుకు పంపాడా అని చాలాసేపు ఆలోచించాను. ఆ సీడీ ఖర్చు భరించింది షటిల్‌వర్త్ అంతకుముందు సంపాదించిన డబ్బే. 2011లో ఆ పంపకం ఆపేశారు.

రెడ్ హ్యాట్ అనే కంపెనీ నిజంగా లినక్స్ మీదే పెరిగింది. 1993లో మొదలైంది, 2019లో ఐబీఎం దాన్ని 3,400 కోట్ల డాలర్లకు కొన్నది. మధ్యలో 26 ఏళ్లు ఉన్నాయి. వాళ్లు అమ్మింది సాఫ్ట్‌వేర్ కంటే ఎక్కువగా పూచీ. బ్యాంకులు, టెలికాం కంపెనీలు ఏటా చందా కడతాయి. అర్ధరాత్రి సర్వర్ ఆగితే ఫోన్ ఎత్తి బాధ్యత తీసుకొనే మనిషి ఉండాలని కడతాయి. నేను కర్నూలులో చేస్తున్నదీ ఆ పనే, చాలా చిన్న ఎత్తులో. నాకు డబ్బిచ్చేవాళ్లలో ఒక్కరు కూడా లినక్స్ కోసం ఇవ్వరు. రిపోర్టులు పోకుండా ఉండటానికి, బిల్లింగ్ ఆగకుండా ఉండటానికి ఇస్తారు.

ఇంకో వైపు కూడా నీకు తెలియాలి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. మనం బ్యాంకు సైట్ తెరిస్తే కనిపించే తాళం గుర్తు వెనక పనిచేసే సాఫ్ట్‌వేర్‌లలో ఓపెన్ఎస్ఎస్ఎల్ ఒకటి. ప్రపంచంలో ఎంతో వ్యాపారం దాని మీద నడుస్తుంటే, దానికి ఏడాదికి విరాళంగా వచ్చేది సుమారు 2,000 డాలర్లు. పూర్తికాలం దాని మీద కూర్చున్న మనిషి ఒక్కడే. 2024 మార్చిలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. దాన్ని ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకుంటున్న ఒక్క మనిషి అలసిపోయి, సాయానికి వచ్చినవాణ్ని నమ్మాడు. ఆ వచ్చినవాడే దొంగ. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు పట్టుబట్టి వెతికితే గానీ అది బయటపడలేదు. నాకు ఆ వార్త చదివిన రోజు నిద్ర పట్టలేదు. ఇంత విలువైన పని చేసినవాళ్లకు ఇంత తక్కువ దక్కుతుంటే, ఆరు నెలలు నేర్చుకున్నవాడికి కోటి ఎక్కడి నుంచి వస్తుందో నువ్వే ఆలోచించు.

నేను కూడా ఒకసారి మోసపోయాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. 2011లో ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ వాళ్లు కర్నూలులో ఒక హోటల్ హాల్లో మీటింగ్ పెట్టారు. స్టేజీ మీద ముగ్గురిని నిలబెట్టి పెద్ద పెద్ద చెక్కులు ఇచ్చారు, చప్పట్లు కొట్టించారు. మా ఆవిడ గాజులు కుదువ పెట్టి లక్షన్నర కట్టి ఫ్రాంచైజీ తీసుకున్నాను. వచ్చింది ఒక బ్యానర్, కొన్ని సీడీలు. ఏడాది లోపల వాళ్ల ఫోన్లు పలకడం మానేశాయి. గాజులు ఇంటికి రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ హాల్లో ఆ ముగ్గురికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని మాలో ఒక్కరమూ అడగలేదు. మీ అమ్మగారి గొలుసు అని చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ గాజులే.

సరే, ఇక లినక్స్.

ఇక్కడా అదే ప్రశ్న అడుగు. దీని వెనక ఎవరున్నారు, వాళ్లకు కూడు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్నేళ్లు నిలబడతామని మాటిచ్చారు? చాలామంది స్క్రీన్ అందం చూసి ఎంచుకుంటారు, ఆ అందాన్ని తర్వాత పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. అప్‌డేట్లు ఆగిపోతే మాత్రం నువ్వు చేయగలిగింది ఏమీ ఉండదు. సెంట్‌ఓఎస్ 8 అనే లినక్స్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయని అందరూ నమ్మారు. 2020 డిసెంబర్‌లో, 2021 చివరితోనే ఆపేస్తామని ప్రకటన వచ్చింది. దాన్ని నమ్ముకున్నవాళ్లు ఆల్మా, రాకీ లినక్స్‌ల వైపు మారాల్సి వచ్చింది. ఉచితమైనదానికి కూడా ఎవరో ఒకరు ఖర్చు పెడుతుంటారు, వాళ్ల ఆలోచన మారితే నీ పని మారుతుంది.

నాన్న షాపులో ఉన్న కంప్యూటర్ జోలికి మాత్రం పోవద్దు. ఇది చాలా ముఖ్యం. పెళ్లి పత్రికలు, పాంప్లెట్లు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేస్తుంటారు కదా, షాపుల్లో వాడే ఆ రెండూ విండోస్‌లో నడిచేవి. జెరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటరే కనిపిస్తుంది, దాన్ని లినక్స్‌లో నడిపించడం అలవాటైనవాళ్లకే కష్టం. హెచ్‌పీ ప్రింటర్లలో చాలావాటికి ఆ ఇబ్బంది లేదు. వేలిముద్రల మెషీన్, డిజిటల్ సంతకం డాంగిల్, ట్యాలీ ఉంటే అవి కూడా ఒక్కొక్కటి చూసుకోవాలి. పెళ్లిళ్ల సీజన్లో రాత్రి తొమ్మిదింటికి ప్రూఫ్ కోసం వచ్చి నిలబడిన మనిషికి ఓపెన్ సోర్స్ గొప్పతనం చెప్పి పంపలేం. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ముగిశాయి కాబట్టి, వీలు చూసుకొని విండోస్ 11 పట్టే మెషీన్ కొనమని నాన్నకు చెప్పు. ఆధార్ కార్డులు, జనం బ్యాంకు కాగితాలు తెరిచే కంప్యూటర్ అది, దాన్ని అప్‌డేట్లు లేకుండా ఏళ్ల తరబడి నడపకూడదు.

నీ ల్యాప్‌టాప్‌కు నా సలహా లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం. 2 జీబీ ర్యామ్‌తో కూడా నడుస్తుంది, 4 ఉంటే మంచిదని వాళ్లే చెప్తారు. మింట్ 22 కు 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. మింట్‌ను 2006లో క్లెమెంట్ లెఫెవ్ర్ మొదలుపెట్టాడు. చిన్న బృందం, విరాళాలు, స్పాన్సర్లు, అంతే. ఏ నెల ఎంత విరాళం వచ్చిందో వాళ్ల బ్లాగులోనే రాస్తారు. ఆ ఒక్క అలవాటు చూసే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది. మింట్ ఉబుంటు మీద కట్టింది, ఉబుంటు డెబియన్ అనే ఇంకో లినక్స్ మీద కట్టింది. అందువల్ల మింట్‌లో నేర్చుకున్న పని మిగతా రెండింటిలోనూ పనికొస్తుంది.

డెబియన్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టాడు. దానికి యజమాని లేడు. ప్రపంచమంతా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా ఓటేసి నాయకుణ్ని ఎన్నుకుంటారు. ముప్ఫై ఏళ్లు దాటినా అది అలాగే నడుస్తోంది. నేను పెట్టే సర్వర్లలో ఎక్కువ భాగం డెబియనే. నువ్వు కూడా రెండో అడుగులో అక్కడికి రావాలని నా కోరిక, మొదటి అడుగు మాత్రం మింట్‌తో వేయి. వైఫై, సౌండ్ వంటి చిన్న చిన్న తలనొప్పులు మొదటి వారంలోనే ఎదురైతే చాలామంది వెనక్కి పోతారు. మింట్‌లో ఆ టెన్షన్ తక్కువ.

ఆ వీడియోలో కాలీ లినక్స్ వేసుకోమన్నాడని రాశావు. అది భద్రతా పరీక్షలు చేసేవాళ్ల పనిముట్టు. లినక్స్ కొత్తగా నేర్చుకొనేవాళ్లకు, రోజువారీ వాడకానికి ఇది తగదని దాన్ని తయారుచేసినవాళ్లే తమ పత్రాల్లో రాసుకున్నారు. నల్ల స్క్రీన్, డ్రాగన్ బొమ్మ వీడియోలో బాగా కనిపిస్తాయి, అందుకే అది చూపిస్తారు. ఆర్చ్ అనే లినక్స్ రకం మంచిదే, దాని వికీ అంత మంచి పుస్తకం ఇంకోటి లేదు, మింట్ వాడుతూ కూడా దాన్ని చదువు. కానీ అది రోజూ మారుతూ ఉంటుంది, పాడైతే నువ్వే బాగుచేసుకోవాలి. రెండేళ్ల తర్వాత చూద్దువు. ఫెడోరా అనే ఇంకో రకం ఆరు నెలలకోసారి కొత్తది వస్తుంది, ఒక్కోదానికి సుమారు 13 నెలలే అప్‌డేట్లు, పత్తికొండలో నెట్ ప్యాక్ మీద ఆధారపడేవాళ్లకు అన్ని డౌన్‌లోడ్లు భారం.

వేసే ముందు ఒక పని చెయ్యి. ల్యాప్‌టాప్‌లో ఉన్న హార్డ్ డిస్క్ విప్పించి, దాని స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, పెట్టించు. గొలుసు కుదువ పెట్టాల్సినంత ఖర్చు కాదు, ఈ ల్యాప్‌టాప్‌కు నువ్వు చేయగలిగిన వాటిలో అంత తేడా చూపించేది ఇంకోటి లేదు. పాత హార్డ్ డిస్క్‌ను చెరపకు. విండోస్‌తో సహా అలాగే కవర్లో పెట్టి బీరువాలో దాచు. లినక్స్ నచ్చకపోతే స్క్రూలు విప్పి పాతది పెట్టుకుంటావు, ఒక్క ఫోటో కూడా పోదు. ఇంకో మాట నిజంగా చెప్పాలి. లినక్స్ వేసినంత మాత్రాన 4 జీబీ కాస్తా 8 జీబీ అయిపోదు. బ్రౌజర్‌లో పదిహేను ట్యాబులు తెరిస్తే ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా రొప్పుతుంది.

ఈ దాచుకోవడం గురించి నాకు ఎందుకంత పట్టుదలో చెప్తాను. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీదికి వచ్చినప్పుడు మా నెట్ సెంటర్ మునిగిపోయింది. నీళ్లు తీశాక సీపీయూలు తెరిస్తే లోపల బురద. వాటిలో మెషీన్ల కంటే విలువైనవి జనం దాచుకొమ్మని ఇచ్చినవి ఉన్నాయి. ఒక పెద్దాయన భూమి కాగితాల స్కాన్లు, ఒక అమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్. అన్నీ ఆ ఒక్కచోటే ఉన్నాయి. ఆ అమ్మాయి మెట్ల మీద కూర్చొని ఏడ్చింది, నా దగ్గర జవాబు లేదు. తర్వాత రెండు నెలలు ఆరబెట్టిన మెషీన్లలో పనిచేసిన నాలుగింటికి డెబియన్ వేశాను, విండోస్ కొనడానికి చేతిలో డబ్బు లేదు కాబట్టి. నా సర్వర్ల పని మొదలైంది అక్కడి నుంచే. ఆ రోజు నుంచి ఏ డేటా అయినా రెండు వేర్వేరు ఇళ్లలో లేకుండా నేను నిద్రపోను.

మింట్ ఫైల్‌ను వాళ్ల అసలు సైట్ నుంచే దించుకో. దించాక, అక్కడ ఇచ్చిన చెక్‌సమ్‌తో, అంటే ఫైల్ మారిందా లేదా తేల్చే సంఖ్యతో, పోల్చి చూడు. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో ఎవరో మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడి, దొంగదారి ఉన్న ఫైల్‌కు లింకు మార్చేశారు. అందుకే పోల్చి చూడమంటున్నాను. తర్వాత వెంటాయ్, ఎచర్ అనే ప్రోగ్రాముల్లో ఏదో ఒకదానితో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని నుంచే ల్యాప్‌టాప్ స్టార్ట్ చెయ్యి. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే మొత్తం చూడొచ్చు. ఒక పూట వాడు. వైఫై పట్టుకుంటుందా, పాట వినిపిస్తుందా, కెమెరా వస్తుందా, మూత మూసి తెరిస్తే లేస్తుందా, ఈ నాలుగూ చూడకుండా ఇన్‌స్టాల్ నొక్కకు.

తెలుగు టైపింగ్ గురించి దిగులు వద్దు. ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్రోగ్రాములు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ వస్తుంది, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతులూ వస్తాయి, డీటీపీవాళ్లకు అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా ఉంది. లోహిత్, పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంట్లతో లిబ్రేఆఫీస్‌లో అర్జీలు, లెటర్లు చక్కగా వస్తాయి.

ఇప్పుడు ఆ 48 వేలు కట్టకుండా ఏం నేర్చుకోవాలో చెప్తాను. షాపులో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంటే దానికి డెబియన్ వేయి, బొమ్మల స్క్రీన్ లేకుండా. మానిటర్ పీకేసి, ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా, అంటే ఇంకో కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే దారిలో, దాంట్లోకి వెళ్లి పనిచెయ్యి. ఫైళ్లు పంచుకొనే సాంబా అనే ప్రోగ్రాము పెట్టి, నాన్న షాపు కంప్యూటర్‌లోని ఫైళ్లు దాంట్లోకి వచ్చేలా చూడు. ఫైళ్లకు నకలు తీసే ఆర్‌సింక్, చెప్పిన టైముకు పని చేయించే క్రాన్‌తో రోజూ రాత్రి బ్యాకప్ పడేలా చెయ్యి. పది రోజులయ్యాక కావాలనే ఒక ఫోల్డర్ చెరిపి, బ్యాకప్ నుంచి వెనక్కి తెప్పించు. తెప్పించలేకపోతే ఎందుకు రాలేదో కంప్యూటర్ తనే రాసుకొనే లాగ్‌లో చదువు. చేసిన ప్రతి పనీ, తప్పుతో సహా, ఒక నోటుబుక్కులో రాసుకో. నాలుగు నెలలు ఇలా చేసిన పిల్లవాడు నా దగ్గరికి వస్తే సర్టిఫికెట్ అడగను, ఆ నోటుబుక్కు అడుగుతాను.

సర్టిఫికెట్ కావాలంటే రెడ్ హ్యాట్ వాళ్లు పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్ఏ నిజమైన పరీక్ష. ప్రశ్నలకు టిక్కు పెట్టడం ఉండదు, మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు. దానికి ఆల్మా లేదా రాకీ లినక్స్ మీద ఉచితంగానే సాధన చేయొచ్చు. ఫీజు తక్కువ కాదు, ఉద్యోగం వచ్చాక సొంత జీతంతో రాయి. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో మొదటి ఉద్యోగం నైట్ షిఫ్ట్ సపోర్ట్‌తో మొదలవుతుంది, జీతం చిన్నదే ఉంటుంది. అక్కడ రెండేళ్లు ఓపిక పట్టినవాళ్లు నిలదొక్కుకోవడం నా కళ్లతో చూశాను. కోటి గురించి వాళ్లెవరూ నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇల్లు కట్టుకున్నవాళ్లు, చెల్లెలి పెళ్లి చేసినవాళ్లు ఉన్నారు.

ప్రోగ్రామింగ్ ఇష్టమైతే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ గురించి చదువు. 2005 నుంచి నడుస్తోంది, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే కొత్తవాళ్లకు గూగుల్ డబ్బిస్తుంది. నువ్వు రూపాయి కట్టక్కర్లేదు. అయితే ఎంపికకు చాలా ముందు నుంచే ఆ ప్రాజెక్టులో చిన్న చిన్న తప్పులు దిద్దుతూ ముఖం తెలిసేలా ఉండాలి. లినక్స్ ప్రోగ్రాముల మెనూలను తెలుగులోకి తేవడం కూడా మంచి మొదలు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఏళ్లుగా తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పాటుపడుతున్నారు. డబ్బు రాదు, కానీ ప్రపంచంలో ఎక్కడో ఉన్న మనిషితో కలిసి పనిచేయడం ఎలాగో తెలుస్తుంది.

ఈ వారంలో మూడు పనులు చెయ్యి. మొదట నాన్నను కూర్చోబెట్టి 209 మంది లెక్క కాగితం మీద వేసి చూపించు, గొలుసు ఇంట్లోనే ఉండనివ్వు. ల్యాప్‌టాప్ వెనక ఉన్న మోడల్ నంబర్, వైఫై చిప్ పేరు రాసి నాకు పంపు, కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు విడిగా డ్రైవర్ కావాలి, అది ముందే దించి పెట్టుకోవచ్చు. షాపులో ప్రింటర్ ఏదో కూడా రాయి. తర్వాత ఏ ఆదివారమైనా పొద్దున పదింటి తర్వాత ల్యాప్‌టాప్, ఛార్జర్, ఎస్ఎస్‌డీ తీసుకొని కర్నూలు రా. నాకేమీ ఇవ్వక్కర్లేదు. స్క్రూలు నువ్వే విప్పుతావు, నేను పక్కన కూర్చుంటాను.